దడ అన్నవాళ్లకి టీఎస్‌హెచ్, థైరాయిడ్ అన్నవాళ్లకి నాడి: విశాఖ జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారికి,

నమస్కారం. నేను ఈ ఊళ్లో చాలా ఏళ్లు ఈసీజీ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను. జబ్బు ఫలానా అని తేల్చే అర్హత నాకు లేదు, ఈ ఉత్తరంలో ఆ పని చెయ్యను. కానీ గులాబీ గళ్ల కాగితం మీద గుండె గీసే గీతని రోజంతా చూస్తూ పనిచేసినదాన్ని. ఆ గీత గతి తప్పినప్పుడు వెనకాల థైరాయిడ్ ఉందేమో చూడాలన్న సంగతి మన దగ్గర ఎంత తేలిగ్గా జారిపోతుందో దగ్గర్నుంచి చూశాను. అర్బన్ హెల్త్ సెంటర్లు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు మీ కింద పనిచేస్తారు. ప్రైవేటు క్లినిక్‌లు, ల్యాబ్‌లు రిజిస్ట్రేషన్ కోసం మీ ఆఫీసుకే వస్తాయి. అందుకే మీకు రాస్తున్నాను, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్తాను. గుండె దడ అని, నాడి వేగంగా ఉందని, గుండె లయ తప్పిందని వచ్చిన ప్రతి మనిషికీ ఒక్కసారి టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) జరగాలి. థైరాయిడ్ ఎక్కువైందని తేలిన ప్రతి మనిషి మణికట్టూ ఎవరో ఒకరు ఒక నిమిషం పట్టుకుని చూడాలి, ఈసీజీ తియ్యాలి. ఈ రెండూ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కొత్త మిషన్లు అక్కర్లేదు. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, థైరాయిడ్ కాగితాలు ఒక కవర్లో, గుండె కాగితాలు ఇంకో కవర్లో ఉంటాయి. మహారాణిపేటలో ఒక మేడ మీద ఒకటి, రామ్‌నగర్‌లో ఇంకో మేడ మీద ఇంకొకటి. రెండూ ఒకే మనిషివని ఆ మనిషికి తప్ప ఎవరికీ తెలీదు. ఆ మనిషికి వాటి మధ్య సంబంధం తెలీదు.

మన దగ్గర జనం ఈ బాధని ఎలా చెప్తారో మీకు తెలియంది కాదు. "గాబరాగా ఉందండి" అంటారు. "దడ", "గేస్", "ఆయాసం", "కాళ్లూ చేతులూ వణుకు" అంటారు. ఆడవాళ్లు చెప్తే సగం సార్లు వెంటనే వచ్చే మాట "టెన్షన్ పెట్టుకోకండి". నలభై అయిదు దాటిన మనిషైతే నెలసరి ఆగే వయసు కదా అంటారు. ఇక చెమటలంటారా, మన సముద్రపు ఉక్కపోతలో మే నెలలో చెమట పట్టని మనిషెవరు? వేడికి తట్టుకోలేకపోవడం థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కనిపించే ముఖ్యమైన గుర్తు. విశాఖలో ఆ గుర్తు వాతావరణంలో కలిసిపోతుంది. బరువు తగ్గితే షుగర్ అనుకుంటారు, లేదా "బీచ్‌లో నడుస్తున్నారు కదా, మంచిదే" అని మెచ్చుకుంటారు. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఒక సర్దుబాటు మాట దొరుకుతుంది. అన్నీ కలిపి ఒక్కచోట చూసేవాళ్లు ఉండరు.

టెన్షన్‌కీ థైరాయిడ్‌కీ తేడా పట్టుకోవడానికి పాత డాక్టర్లు చెప్పే చిన్న ఉపాయం ఒకటుంది. మనిషి నిద్రలో ఉన్నప్పుడు నాడి చూడమంటారు. కంగారు వల్ల వచ్చిన దడ నిద్ర పట్టగానే తగ్గుతుంది. థైరాయిడ్ వల్ల వచ్చిన వేగం చాలావరకు నిద్రలోనూ తగ్గదు. ఇంట్లోవాళ్లే చూడగలిగిన విషయం ఇది. ఇదొక్కటే చూసి జబ్బు తేల్చకూడదు, కానీ రక్తపరీక్ష చేయించడానికి ఈ కారణం చాలు.

ఈ సంబంధం ఈ మధ్య కనిపెట్టింది కాదు. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే వైద్యుడు, ఎడతెగని గుండెదడతో వచ్చిన ముగ్గురు ఆడవాళ్ల గురించి రాశాడు. ముగ్గురికీ గొంతు దగ్గర థైరాయిడ్ ఉబ్బి ఉంది. ఇవాళ మనం గ్రేవ్స్ వ్యాధి అంటున్నది ఆయన పేరు మీదే. అంటే హార్మోన్‌ని కొలిచే పరీక్ష ఏదీ లేని రోజుల్లో ఈ జబ్బు తలుపు తట్టింది గుండె వైపు నుంచే. ఇప్పుడు సాయంత్రానికల్లా రిపోర్టు చేతికొచ్చే పరీక్ష ఉండి కూడా ఆ వైపు చూడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

లోపల జరిగేది నాకు అర్థమైనంతవరకు చెప్తాను, ఈ ఉత్తరం మీరే కాక మామూలు జనం కూడా చదువుతారని. థైరాయిడ్ గ్రంథి టీ4, టీ3 అనే హార్మోన్లు తయారుచేస్తుంది. ఒంట్లో అసలు పని చేసేది టీ3. అది గుండె కండరం కణాల్లోకి వెళ్లి ఏ ప్రొటీన్లు ఎన్ని తయారవ్వాలో మార్చేస్తుంది. ఎడ్రినలిన్‌ని అందుకునే బీటా రిసెప్టర్లు పెరుగుతాయి, దాంతో మామూలు మోతాదు ఎడ్రినలిన్‌కే గుండె ఎక్కువగా స్పందిస్తుంది. కణాల్లో కాల్షియం రాకపోకలు వేగమవుతాయి. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో నిర్ణయించే సైనస్ నోడ్ తొందరపడుతుంది. పైగదులైన ఏట్రియాల్లో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య కండరం తీసుకునే విశ్రాంతి తగ్గిపోతుంది. ఆ విశ్రాంతి తగ్గినచోట దారి తప్పిన విద్యుత్ సంకేతాలు చక్కర్లు కొట్టడం మొదలవుతుంది. అదే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పైగదులు నిమిషానికి 350 నుంచి 600 సార్లు అదురుతుంటాయి, వాటిలో కొన్నే కింది గదులకి చేరతాయి, అవీ ఒక క్రమం లేకుండా. ఈసీజీ మీద చూస్తే ప్రతి దెబ్బకి ముందు ఉండాల్సిన చిన్న పీ తరంగం కనిపించదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం ఏ రెండు చోట్లా సమానంగా ఉండదు. మణికట్టు మీద వేలు పెడితే కూడా అదే తెలుస్తుంది, కాగితం అక్కర్లేదు.

భయపడాల్సింది దడ గురించి కాదు. పైగదులు సరిగ్గా ముడుచుకోకపోతే ఎడమ ఏట్రియంలో ఉన్న చిన్న సంచీలాంటి మూలలో, కదలని నీళ్లలో నాచు పట్టినట్టు, రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ విడిపడి మెదడుకి వెళ్తే పక్షవాతం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకి పక్షవాతం ముప్పు లేనివాళ్లకంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువ. థైరాయిడ్ బాగా ఎక్కువైనవాళ్లలో పదిమందిలో ఒకరికైనా ఈ లయ తప్పడం వస్తుందని లెక్క, వయసు పెరిగేకొద్దీ ఆ వంతు పెరుగుతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 60 ఏళ్లు దాటిన రెండువేల మందిని పదేళ్లు గమనించి 1994లో ఒక పరిశోధన అచ్చువేశారు. టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో పదేళ్లలో 28 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చింది. మామూలుగా ఉన్నవాళ్లలో 11 శాతం మందికే. టీఎస్‌హెచ్ అంత తక్కువ అంటే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువని గుర్తు, ఎందుకో కింద చెప్తాను. పైకి ఏ బాధా లేనట్టు కనిపించేవాళ్లలో కూడా ఆ ఒక్క అంకె పదేళ్ల ముందే హెచ్చరిస్తోందన్నమాట.

మా ఆడపడుచు సంగతి ఇక్కడ చెప్పాలి. రాయమని తనే అంది. గాజువాకలో ఉంటుంది, 60 దాటింది. మేము అప్పుడు మా అబ్బాయి దగ్గర హైదరాబాద్‌లో ఉన్నాం. ఫోన్ చేసి, "వదినా, రాత్రి పడుకుంటే దిండులోంచి నా గుండె చప్పుడు నాకే వినబడుతోంది" అనేది. ఈసీజీ తీయించుకోమన్నాను, తీయించుకుంది. ఆ రోజు లయ బాగానే ఉంది, వేగం మాత్రం నిమిషానికి 110 దాటింది. "సైనస్ టాకికార్డియా", అంటే లయ సరిగ్గానే ఉంది గానీ వేగం ఎక్కువ అని, మిషనే అచ్చువేసి ఇచ్చింది. కూర్చున్న మనిషికి, జ్వరం లేని మనిషికి, ఆ వేగం ఎందుకు ఉందని ఎవరూ అడగలేదు. నిద్రమాత్రలు రాశారు. ఇంకో చోట గేస్ బిళ్లలు. బీపీ చూస్తే మిషన్ ఒకసారి ఎర్రర్ చూపించింది, మళ్లీ పెడితే ఒక అంకె, మూడోసారి ఇంకో అంకె. మిషన్ పాడైందనుకున్నారు. లయ తప్పిన గుండెకి ఆటోమేటిక్ బీపీ మిషన్లు అలా తడబడతాయని ఆ గదిలో ఉన్నవాళ్లకి తోచలేదు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయంటే చుట్టాలు సన్నబడ్డావని సంతోషించారు.

ఒకరోజు పొద్దున్న రైతుబజారులో కూరల సంచీ చేతిలోంచి జారిపోయింది. మూతి వంకర పోయింది, మాట రాలేదు. పక్కన ఉల్లిపాయలు అమ్మే మనిషి 108కి ఫోన్ చేశాడు, ఆయనకి మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. మర్నాడు వచ్చిన టీఎస్‌హెచ్ మిషన్ కొలవలేనంత తక్కువ. అంతకుముందు చూసిన ఏ ఒక్క చోటైనా కొన్ని వందల రూపాయల రక్తపరీక్ష రాసి ఉంటే, కుడిచేత్తో అన్నం కలుపుకోవడానికి ఆమె ఇప్పుడు ఇంత కష్టపడేది కాదేమో. వాళ్లెవరో ఇక్కడ చెప్పను. ఒకరిని పట్టుకుని తిట్టడం కోసం ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ రోజు ఆ బల్ల ఎదురుగా ఏ డాక్టరు కూర్చున్నా టీఎస్‌హెచ్ రాసి తీరే పద్ధతి ఉండాలని రాస్తున్నాను.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో మోసం ఉంది. పడుచువాళ్లలో థైరాయిడ్ ఎక్కువైతే కళ్లు ముందుకి రావడం, వణుకు, ఆత్రుత, విపరీతమైన ఆకలి కనిపిస్తాయి. ముసలివాళ్లలో చాలాసార్లు ఇవేవీ ఉండవు. నీరసంగా, ఏదీ పట్టనట్టు ఒక మూల కూర్చుంటారు, తిండి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. గొంతు కూడా ఉబ్బదు. బయటపడే ఒకే ఒక్క గుర్తు లయ తప్పిన నాడి కావచ్చు. వయసైపోయింది కదా అని ఇంట్లోవాళ్లు, గుండె జబ్బు కదా అని డాక్టర్లు అక్కడితో ఆగిపోతారు.

ఇప్పుడు రెండో వైపు. థైరాయిడ్ తక్కువగా ఉందని థైరాక్సిన్ మాత్ర వేసుకునేవాళ్లు మన ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉన్నారు. ప్రాణం నిలబెట్టే మంచి మందు అది, ఎవరూ నా ఉత్తరం చదివి మానెయ్యకూడదు. నా బాధల్లా దాన్ని ఒకసారి రాయించుకుని ఏళ్ల తరబడి సీసా తర్వాత సీసా కొనేయడం గురించి. వయసు పెరిగేకొద్దీ ఒంటికి కావలసిన మోతాదు తగ్గుతుంది, బరువు తగ్గినా తగ్గుతుంది. అప్పుడెప్పుడో రాసిన 100 మైక్రోగ్రాములు ఇప్పుడు ఎక్కువైపోయి ఉండవచ్చు. ఎక్కువైన మాత్ర గుండెకి చేసే హాని, ఎక్కువైన గ్రంథి చేసే హాని లాంటిదే. మోతాదు మార్చినప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలకి, కుదురుకున్నాక కనీసం ఏడాదికి ఒకసారి టీఎస్‌హెచ్ చూసుకోవాలి. మెడికల్ షాపులవాళ్లు సీసా ఇచ్చేటప్పుడు "ఆఖరి టెస్టు ఎప్పుడు చేయించారండీ" అని ఒక్క ముక్క అడిగినా ఎంతో మేలు.

ఇందులోనే ప్రమాదకరమైన పొరపాటు ఒకటి నా కళ్ల ముందే జరిగేది. రిపోర్టులో టీఎస్‌హెచ్ పక్కన తక్కువ అని ఉంటే, థైరాయిడ్ తక్కువైందనుకుని జనం తమంతట తామే మాత్ర పెంచుకుంటారు. నిజానికి టీఎస్‌హెచ్ మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే ఆజ్ఞ. ఒంట్లో హార్మోన్ తక్కువైతే ఆజ్ఞ పెరుగుతుంది, ఎక్కువైతే ఆజ్ఞ ఆగిపోతుంది. టీఎస్‌హెచ్ తక్కువ అంటే హార్మోన్ ఎక్కువ ఉందన్నమాట చాలావరకు. అంటే తగ్గించాల్సిన చోట పెంచుతున్నారు. ల్యాబ్ రిపోర్టు అడుగున తెలుగులో రెండు లైన్లు ఉంటే ఇది ఆగుతుంది: "టీఎస్‌హెచ్ తక్కువగా ఉంటే మాత్ర మీరే పెంచుకోకండి. డాక్టరుకి చూపించి, నాడి, ఈసీజీ చూపించుకోండి." మీ ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వెళ్తే ల్యాబ్‌లు వేస్తాయనే నా నమ్మకం. అలాగే 0.1 కన్నా తక్కువ వచ్చిన రిపోర్టుని కవర్లో పెట్టి ఊరుకోకుండా, రాసిన డాక్టరుకి ఆ రోజే ఫోన్ చేసి చెప్పాలి. పొటాషియం ప్రమాదకరంగా ఉంటే మంచి ల్యాబ్‌లు ఇప్పటికే అలా చేస్తున్నాయి కదా.

జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్లలు వేసుకునేవాళ్లని కూడా ల్యాబ్‌లో అడగాలి. కొన్ని రకాల పరీక్షల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా తప్పుగా కనిపిస్తాయి. పరీక్షకి రెండు రోజుల ముందు అది ఆపితే సరిపోతుంది. లేని జబ్బుకి మందు వేసుకోవడం కూడా నష్టమే.

గుండె డాక్టర్ల దగ్గరికి వెళ్లేవాళ్లలో అమియోడరోన్ వాడేవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లయ సరిచేయడానికి ఇచ్చే గట్టి మందు అది. బరువులో మూడో వంతుకి పైగా అయోడినే. 200 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి రోజూ వేసుకుంటే, మనిషికి రోజుకి కావలసిన 150 మైక్రోగ్రాముల కంటే ఎన్నో రెట్ల అయోడిన్ ఒంట్లోకి వెళ్తుంది. దాంతో కొందరికి థైరాయిడ్ తగ్గిపోతుంది, కొందరికి పెరిగిపోతుంది. పెరిగితే ఏ లయ కోసం మందు ఇచ్చారో ఆ లయే మళ్లీ తప్పుతుంది. అప్పుడు గుండె పాడైందనుకుని మోతాదు పెంచితే పరిస్థితి ఎటు వెళ్తుందో ఊహించండి. పైగా మందు ఆపినా నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ చెయ్యాలని వైద్య పుస్తకాలు చెప్తున్నాయి. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ రాసి ఇచ్చేవాళ్లు తక్కువ. రాయించే పని మీరు చెయ్యగలరు.

ఏంజియోగ్రామ్‌కి, కొన్ని సీటీ స్కాన్‌లకి ఎక్కించే రంగు మందులోనూ అయోడిన్ ఉంటుంది. గొంతులో గడ్డలున్న పెద్దవాళ్లకి ఆ తర్వాత కొన్ని వారాలకి థైరాయిడ్ ఒక్కసారిగా ఎక్కువ కావచ్చు. పాడేరు, అరకు వైపు నుంచి కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) దిగివచ్చే పెద్దవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. అయోడిన్ ఉప్పు కొండలెక్కక ముందు పుట్టి పెరిగినవాళ్లు వాళ్లు. దేశంలో గాయిటర్ (అయోడిన్ చాలక గొంతు ఉబ్బే జబ్బు) నివారణ కార్యక్రమం 1962లోనే మొదలైనా, ఉప్పు అందరికీ అందడానికి చాలా కాలం పట్టింది. స్కాన్‌కి ముందు గొంతు మీద ఒక చెయ్యి వేసి చూడటం, తర్వాత దడ వస్తే వెంటనే రమ్మని వాళ్ల భాషలో, వాళ్లకి అర్థమయ్యేలా చెప్పి పంపడం, ఇంతే కావాలి. కొండ మీదికి వెళ్లిపోయిన మనిషి మళ్లీ దిగి రావడం ఎంత కష్టమో మీకు తెలుసు.

కుర్రవాళ్లకి సంబంధించి ఒక్క మాట. పోర్టులో, ఫ్యాక్టరీల్లో కష్టపడి పనిచేసి, రాత్రి కడుపునిండా అన్నం తిని పడుకున్న పాతిక ముప్పై ఏళ్ల మగవాడు తెల్లారేసరికి కాళ్లు కదపలేకపోతే అందరూ నరాల జబ్బు అనుకుంటారు. రక్తంలో పొటాషియం పడిపోయి అలా అవుతుంది. మన ఆసియా మగవాళ్లలో దాని వెనక థైరాయిడ్ ఎక్కువై ఉండడం ఒక ముఖ్యమైన కారణం. పొటాషియం పడిపోతే గుండె లయ ప్రాణం తీసేంతగా తప్పవచ్చు. అందుకే ఆ కుర్రవాడికి వెంటనే ఈసీజీ కావాలి, ఆ తర్వాత టీఎస్‌హెచ్ కూడా. పొటాషియం ఎక్కించి, కాళ్లు లేచాయి కదా అని ఇంటికి పంపేస్తే మళ్లీ వస్తుంది.

థైరాయిడ్ తక్కువైనప్పుడు గుండె నెమ్మదిస్తుంది. ఈసీజీ గీతలు చిన్నవవుతాయి, ఆ గీతలో క్యూటీ అనే భాగం పొడుగవుతుంది, కొందరికి గుండె చుట్టూ నీరు చేరుతుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. నాడి 50 దగ్గర ఉండి నీరసంగా ఉన్న మనిషికి పేస్‌మేకర్ గురించి ఆలోచించే ముందు టీఎస్‌హెచ్ చూశారా అని అడగాలి. ఇలాంటి పెద్దవాళ్లకి, ముఖ్యంగా గుండె రక్తనాళాలు మూసుకున్నవాళ్లకి, థైరాక్సిన్ 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఒక్కసారి పూర్తి మోతాదు ఇస్తే ఛాతీనొప్పి, లయ తప్పడం రావచ్చు.

ఇదంతా ఇంత గట్టిగా అడగడానికి కారణం, ఈ లయ తప్పడం చాలావరకు నయమయ్యే రకం కావడమే. వయసు వల్లో, బీపీ వల్లో వచ్చిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్ చాలామందికి జీవితాంతం వెంట ఉంటుంది. థైరాయిడ్ వల్ల వచ్చింది అలా కాదు. కార్బిమజోల్‌తోనో, రేడియో అయోడిన్‌తోనో హార్మోన్ మామూలు స్థాయికి వస్తే, సుమారు మూడింట రెండొంతుల మందికి కొన్ని నెలల్లో గుండె తనంతట తానే సరైన లయకి వచ్చేస్తుంది. థైరాయిడ్ అదుపులోకి రాకుండా గుండెకి కరెంటు షాక్ ఇచ్చి లయ సరిచేసినా మళ్లీ తప్పే అవకాశమే ఎక్కువ. అందుకే డాక్టర్లు ముందు హార్మోన్ సంగతి చూసి, కొన్ని నెలలు ఆగి, అప్పటికీ రాకపోతేనే షాక్ గురించి ఆలోచిస్తారు. ఈలోపు వేగం తగ్గించడానికి ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఇస్తారు. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. మా ఆడపడుచు గుండె కూడా లయలోకి వచ్చింది. కారణం కనిపెడితే తగ్గే జబ్బు, కారణం అడగక చేతిని తీసుకుంది.

మందులు మొదలయ్యాక కూడా రెండు చోట్ల జారిపోతున్నాం. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లలో థైరాయిడ్ ఎక్కువగా ఉన్నంతకాలం తక్కువ మోతాదే గట్టిగా పనిచేస్తుంది. థైరాయిడ్ తగ్గుతున్నకొద్దీ మోతాదు పెంచాల్సి వస్తుంది. ఆ నెలల్లో ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే) పరీక్ష మామూలుకంటే దగ్గరదగ్గరగా చేయించాలి. కొత్తగా వచ్చిన అపిక్సబాన్ లాంటి మందులకి ఆ పరీక్ష అక్కర్లేదు గానీ, రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం బాగా మూసుకుపోయినవాళ్లకి వార్ఫరినే ఇవ్వాలి. ఇక కార్బిమజోల్ వాడేవాళ్లకి జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబు అనుకోకూడదు. అరుదుగానే అయినా తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మందు ఆపి అదే రోజు రక్తకణాల లెక్క చూడాలి. ఈ మాట మందు రాసిన డాక్టరు చెప్పినా రోగి మర్చిపోతాడు. ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్తకి తెలిసి ఉంటే ఆమె గుర్తుచేస్తుంది.

దడ అన్న ప్రతివాళ్లకీ థైరాయిడే అని నేనట్లేదు. రక్తం తక్కువైనా, జ్వరమొచ్చినా, టీ కాఫీలు ఎక్కువైనా, ఆస్తమా పంపు ఎక్కువ వాడినా, నిజంగానే మనసు బాగోలేకపోయినా దడ వస్తుంది. అయితే ఆ జాబితాలో థైరాయిడ్ పేరు మొదటి వరసలో ఉండాలి. ఊరందరికీ పరీక్షలు చెయ్యమనీ అడగట్లేదు. ఏ బాధా లేని పాతికేళ్లవాళ్లకి ప్యాకేజీల పేరుతో థైరాయిడ్ టెస్టులు చేసి, అరకొర తేడాకి జీవితాంతం మాత్రలు పెట్టడం కూడా నాకు నచ్చదు. అవసరమున్నచోట తప్పకుండా చెయ్యమని అడుగుతున్నాను.

మీరు చెయ్యగలిగింది చాలా ఉంది. 30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు చూసే కార్యక్రమం ఇప్పటికే ఇంటింటికీ వెళ్తోంది. బీపీ పట్టీ ఎలాగూ చేతికి చుడుతున్నారు. 60 దాటినవాళ్లకి అదే చేతి మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి పూర్తి నిమిషం చూడమనండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే వేగం తెలుస్తుంది గానీ లయ తప్పిన సంగతి దొరక్కపోవచ్చు. నాడి క్రమం తప్పినా, కూర్చున్న మనిషికి 100 దాటినా, అక్కణ్ణుంచి ఈసీజీకి, టీఎస్‌హెచ్‌కి పంపాలి. అర్బన్ హెల్త్ సెంటర్లో నమూనా తీసి పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు గట్టిగా ఉండాలి, రిపోర్టు మళ్లీ ఆ సెంటర్‌కే రావాలి. రోగిని గాజువాక నుంచి, పెందుర్తి నుంచి రెండు బస్సులు మార్చి రిపోర్టు కోసం రమ్మంటే ఆ రిపోర్టు ఎవరూ తీసుకోరు. ఒక ఈసీజీ బాగా వచ్చినంత మాత్రాన ఫైలు మూసెయ్యొద్దని కూడా చెప్పండి. వచ్చిపోయే రకం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఆ పది సెకన్ల కాగితంలో పడకపోవచ్చు.

ఆశా కార్యకర్తలకి, ఏఎన్ఎంలకి నాడి చూడటం నేర్పడానికి డాక్టర్లకి తీరిక ఉండదని నాకు తెలుసు. ఆ పని నాకివ్వండి. నాలాగే రిటైరైన టెక్నీషియన్లు, స్టాఫ్ నర్సులు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, పిలిస్తే వస్తారు, నేను అడిగి చూశాను. క్రమం తప్పిన నాడి వేలికి ఎలా తగులుతుందో ఒక పూటలో నేర్పొచ్చు. జీతం అక్కర్లేదు. ఏ సెంటర్‌కి, ఏ రోజు రమ్మంటారో చెప్పించండి.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక రిటైర్డ్ ఈసీజీ టెక్నీషియన్,
విశాఖపట్నం